గీత గీయువాని విద్య

రాయచూరు జిల్లా దేవదుర్గ తాలూకాలో ఊటి యను గ్రామమొకటి కలదు. నీలగిరులలోని చల్లని ఊటితో దీనికి పేరు తప్ప వేరు పొత్తు లేదు. ఇచ్చటి వేసవిలో నల్లరాతిపై చేయి యానించుటకే వెనుదీయవలెను. ఈ ఊరి చెంత హట్టి బంగారు గనుల సంస్థవారు నేలను పైనుండి మెట్లు మెట్లుగా తవ్వుకొని దిగు గనిని, మనవారి వాడుకలో ఓపెన్‌కాస్టును, తెరచిరి. తీసిన ధాతుశిలను లారీల కెత్తి లింగసుగూరు తాలూకాలోని హట్టి మిల్లునకు చేర్చి, అచ్చట పిండి చేసి సయనైడు ద్రవమున కరగించి బంగారమును రాబట్టుదురు.

సింగరేణి ప్రాంతపు పాఠకులకు ఓపెన్‌కాస్టు కొత్తది కాదు. అయితే అచ్చట బొగ్గు పొర నల్లగా తెలియుచుండగా, ఏది యెత్తవలెనో ఏది నెట్టవలెనో యంత్రము తోలువానికే గోచరించును. బంగారు గనిలో ఆ సౌలభ్యము లేదు. టన్నుకు 3 గ్రాములనగా, కంసాలి త్రాసులో పాతిక గురిగింజల యెత్తు లోహము పదిలక్షల గ్రాముల రాతిలో, తరచుగా కంటి కానని రేణువులై, చెదరి యుండుట. దానికి పదడుగుల దూరమున, అదే రంగును అదే గరుకుదనమును గల రాయి అర గ్రామునకు దిగజారి, తవ్విన కూలికైనను చాలకపోవచ్చును. ఈ రెండింటి నడుమ గీత యెచ్చట పడవలెనో నిర్ణయించుట గనిలోని సీనియర్ జియాలజిస్టు బాధ్యత. అతడు పటముపై గీచిన గీత నేలమీద సున్నపు చారయై, రంగు జెండాలై వెలయును. దానినిబట్టియే యొక లారీ మిల్లు దారియు, మరియొకటి బండకుప్ప దారియు పట్టును.

ఆ గీత విలువ యెంతటిదో లెక్కవేసి చూడవచ్చును. పొడవున 10 మీటర్లు, వెడల్పున 10, ఎత్తున 5 మీటర్లు గల రాతిదిమ్మె, ఘనమీటరుకు 2.8 టన్నుల చొప్పున, 1,400 టన్నులు తూగును. అందు టన్నుకు 2 గ్రాములే యున్నదనుకొన్నను మొత్తము 2 కిలోల 800 గ్రాముల బంగారము. దానిని కుప్పపై పోయించినచో, నష్టము జరిగినట్లు ఎవరికిని తెలియకయే పోవును. పోగొట్టుకొన్నది కనబడని నష్టము కంటె దారుణమైనది యే వృత్తిలోను లేదని నా యభిప్రాయము.

ఇట్లుండగా, పేలుడు ఈ పనిని మరింత కఠినము చేయును. మందు పేలినంతనే రాయి పైకి పొంగి, ముందునకు జరిగి, నిన్నటి గీతలన్నియు నేడు చెల్లకుండ పోవును. కావున తీర్పు పేలుడునకు ముందే జరుగవలెను. మందు దట్టించుటకై తొలిచిన రంధ్రముల నుండి వెలువడు పొడిని రంధ్రమునకొక సంచి చొప్పున పట్టి పరీక్షకు పంపుదురు. పిమ్మట రాయి యే దిక్కునకెంత జరిగెనో కనుగొనుటకు, ముందుగా గుర్తులు పాతియుంచి, పేలిన తరువాత వానిని వెదకి, గీతనంతయు ఆ మేరకు జరిపి గీయుదురు.

సంచులు పరీక్షశాలకు పోయి ఫలితము వచ్చులోపల జియాలజిస్టు చేతులు ముడుచుకొని కూర్చుండడు. హట్టి మస్కి శిలాపట్టీ 250 కోట్ల సంవత్సరములకు పూర్వపు లావాలు కాలక్రమమున ఉష్ణపీడనములచే మార్పు చెంది యేర్పడినది. ఆ నల్లని పచ్చరాతిని చీల్చుకొని నిటారుగా దిగిన పగుళ్ల వెంబడి వేడినీరు ప్రవహించి, పలుగురాతిని బంగారముతో కూడ అచ్చట విడిచినది. ఆ నీరు తాను పోయిన దారికి సాక్ష్యము నిలిపిపోయెను. బంగారము గల ఆ పలుగురాతి చారకు, అనగా రీఫునకు, చేరువలో రాయి ఆకులు పేర్చినట్లు పొరలువారి, గోధుమవన్నె అభ్రకము మిలమిలలాడును. దూరమగుకొలది ఆ వన్నె తగ్గి పసరురంగు హెచ్చును. అనుభవజ్ఞుడు బెంచి యనబడు గనిమెట్టు గోడపై నీరు చల్లి దుమ్ము కడిగి, ఈ రంగుల మార్పును అడుగడుగునను చదువుకొనుచు నడచును. సుత్తితో కొట్టినపుడు వెల్లుల్లి వాసన వచ్చెనా, అది పాషాణపు ఖనిజమైన ఆర్సెనోపైరైటు జాడ. హట్టి సీమలో బంగారమునకు అది చిరకాల సహవాసి. ఆ వాసన తగిలినచోట అతడు మోకరిల్లి, పదింతలుగా చూపు లెన్సును కంటికానించి, ముక్కను వెలుగు వైపు త్రిప్పి త్రిప్పి చూచును.

అదియు చాలనిచో జలగడుగుట యొకటున్నది. కంసాలివీథి మురుగుమట్టి కడిగి బంగారపు రజను తీయువారి విద్యయే యిది. రాతిని దంచి, పిండిని వెడల్పాటి పళ్లెమున పోసి, నీటిలో ముంచి వలయముగా త్రిప్పగా, నీటికంటె 2.65 రెట్లు మాత్రమే బరువైన పలుగురాతి పొడి అంచు దాటి జారిపోవును; 19.3 రెట్లు బరువైన బంగారము అడుగున వెనుకబడి, నల్లని పొడి కొసను సన్నని పసుపుతోకగా నిలుచును. ఆ తోక పొడవునుబట్టి టన్నుకింతయని చెప్పి, పిదప వచ్చిన పరీక్ష ఫలితమునకు దగ్గరగా నుండు నేర్పరులు కలరు.

పరీక్ష యనగా పుటము పెట్టుటయే. రాతిపొడిని సీసపు భస్మముతో కరగింపగా బంగారము సీసమును పట్టుకొని దిగును. ఆ సీసపు గుండును ఎముకల బూడిద మూసలో కాల్చినచో, సీసమును మూస పీల్చుకొని, ఆవగింజలో పరకయంత పూస మిగులును. అయినను జియాలజిస్టు ఒక్క పూసను నమ్మడు. ముతక రేణువొకటి తటాలున సంచిలో పడినచో పేదరాయి ధనికమగును. అది తప్పిపోయినచో ధనికమే పేదయగును. అందుచే ఒకే పొడిని రెండు సంచులుగా పంపును. బంగారము బొత్తిగా లేని రాతిని నడుమ చేర్చును. విలువ ముందే తెలిసిన పొడిని మారుసంఖ్యతో కలుపును. పరీక్షశాలవారికి ఇది కొంత నొప్పిగా తోచుట సహజమే.

ఈ విద్య రాయచూరునకు దొరలు తెచ్చినది కాదు. హట్టిలో ప్రాచీనులు 600 అడుగులకు పైగా లోతునకు దిగిరి. లోపల దొరికిన కొయ్యకు చేసిన కర్బనపరీక్ష దాని వయస్సు సుమారు 2,000 సంవత్సరములని తెల్పినది. మంట పెట్టి రాతిని పగులజేయుట వారి పద్ధతి. పైన బండలమీద ధాతుశిలను నూరిన నున్నని గుంటలు నేటికిని సాక్ష్యములు. అశోకుని పేరే స్పష్టముగా చెక్కిన మస్కి శాసనమును 1915లో కనుగొనిన బీడన్ సైతము బంగారు గనుల ఇంజనీరే. జాన్ టెయిలర్ వర్గమువారు 1902 ప్రాంతమున హట్టిలో తవ్వకము చేపట్టి 1920లో విరమించిరి. 1947లో హైదరాబాదు గోల్డ్ మైన్స్ కంపెనీ యేర్పడినది. 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరగా కంపెనీ పేరును మారినది. ఇందరును వెదకినది పూర్వుల గుంతల జాడనే. గుంత పొడవు రీఫు నిడివిని, వెడల్పు దాని దళసరిని చెప్పును. వారు తవ్వక విడిచినచోటు, బంగారము లేనిదో, నీటి ఊట ఓర్వలేనిదో, నేటివారు తేల్చుకొనవలెను. పేరు తెలియని ఆ పరిశీలకులను తొలి సీనియర్ జియాలజిస్టులనుటకు నాకు సంకోచము లేదు. వారి బోలు సొరంగములపై బరువు లారీ నిలిపినచో కలుగు ముప్పును సైతము నేటివారు ముందుగానే రంధ్రములు వేసి పసిగట్టుచుందురు.

గీత ఒకచోట నిలుచునది కాదు. బంగారపు ధర పెరిగినపుడు నిన్నటి బండ నేడు ధాతుశిలయగును. కోలారులో 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినను, పక్కనున్న సయనైడు దిబ్బలలో మిగిలిన బంగారమును గూర్చిన తర్జనభర్జన ఏండ్ల తరబడి సాగినది. అందువలన దూరదృష్టి గల జియాలజిస్టు తక్కువ విలువ రాతిని సైతము గ్రాములవారీగా విడదీసి వేరువేరు కుప్పలుగా పోయించి, ఏది యే బెంచినుండి యెన్నడు వచ్చెనో పటమున నమోదు చేయించును. రాత్రి షిఫ్టు డ్రైవరు దగ్గరి దారి చూచుకొని అర గ్రాము కుప్పలో ఒక గ్రాము రాతిని దించెనా, తెల్లవారి గని ఆఫీసులో పెద్ద రగడ తప్పదు.