దరువు ఎవరిది?

2023 మే 21, ఆదివారం. సంగీత దర్శకుడు రాజ్ ఇక లేరన్న వార్త టీవీలో వస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. "రాజ్-కోటిల రాజ్ పోయిండంట బిడ్డా" అని కాసేపు ఆగి, "ఎన్ని జాకెట్లు కుట్టించిండో నాతోని ఆ మనిషి" అంది. నాకు నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు. పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు రాజ్-కోటి పాటల మీద నేనొక సెమినార్ పత్రం రాశాను. ఆ పాటలు ఒక ఆడమనిషి పనికి లయగా ఉండేవన్న సంగతి ముప్పై పేజీల ఆ పత్రంలో ఒక్క వాక్యంలోనూ లేదు. ఈ వ్యాసం ఆ లోటు గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, స్త్రీవాదిగా నేను ఒప్పుకోలేని పాటలకు నా కాలు ఎందుకు కదులుతుందన్న ప్రశ్న గురించి.

నేను రాజ్-కోటి అభిమానిని. ఈ మాట ఇలాంటి పత్రికలో రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

రాజ్ అంటే తోటకూర సోమరాజు, టి.వి. రాజు కొడుకు. కోటి అంటే సాలూరి కోటేశ్వరరావు, 'మిస్సమ్మ' సంగీతకర్త సాలూరి రాజేశ్వరరావు కొడుకు. ఇద్దరూ చక్రవర్తి దగ్గర పని నేర్చుకుని, 1983లో 'ప్రళయ గర్జన'తో జంటగా మొదలయ్యారు. 1988లో 'యముడికి మొగుడు', 'ఖైదీ నెంబర్ 786' వచ్చాక చిరంజీవి సినిమాల వేగం వాళ్ళ చేతిలోనే ఉందనిపించింది. 1993లో 'ముఠామేస్త్రి', 1994లో 'గోవిందా గోవిందా', 'హలో బ్రదర్'. తొంభైల నడుమ విడిపోయారు. 'రోజా'కు ముందు ఎ.ఆర్. రెహమాన్ వీళ్ళ దగ్గర కీబోర్డు వాయించాడు.

వాళ్ళు మొదలైన 1983లోనే యమహా డి.ఎక్స్.7 సింథసైజర్ బజారులోకి వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు నుంచే ఇంగ్లండులో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు రెండు కీబోర్డులు, ఒక రిథమ్ మెషీన్ పెట్టుకుని బ్యాండ్లు కట్టి పాటలు చేస్తున్నారు. దాన్నే సింథ్ పాప్ అన్నారు. మనకు అలా విడిగా బ్యాండ్ అంటూ లేదు. మన బ్యాండు సినిమా టైటిల్స్‌లో 'సంగీతం' అన్న మాట కింద ఉండేది. రెండు పేర్లు, మధ్యలో ఒక చిన్న గీత. వయొలిన్ల వరసలు చేసే పనిని వేళ్ళతో చేయించి, కంచు వాద్యాల హోరును మీటల్లోంచి తీసి, దాని మీద ఒక్కసారిగా మన ఊరి తీన్మారు వేసేవాళ్ళు. నా మటుకు తెలుగు సింథ్ పాప్ అంటే వాళ్ళే. ఒక్క తేడా ఉంది. యూరిథ్మిక్స్ లాంటి జంటలో అనీ లెనాక్స్ బ్యాండులో సగం. మన జంటలో ఇద్దరూ మగవాళ్ళే, ఆడమనిషి గొంతు మాత్రమే.

ఈ పాటలు నాకు క్యాసెట్ల మీద పరిచయం. మాది నల్లగొండ నుంచి వచ్చి కొత్తపేటలో అద్దెకున్న కుటుంబం. ముందు గదిలో కుట్టుమిషన్, దాని పక్కన కిటికీలో టేప్ రికార్డర్. దారపు రీళ్ళకు, హుక్కులకు, లైనింగు గుడ్డకు అమ్మ దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళేది. అక్కడ మెయిన్ రోడ్డు మీద ఒక రికార్డింగ్ సెంటర్ ఉండేది. కావలసిన పాటల జాబితా కాగితం మీద రాసిస్తే తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్ మీద ఎక్కించి రెండు రోజుల్లో ఇచ్చేవాళ్ళు. పద్దెనిమిదో పంతొమ్మిదో పాటలు పట్టేవి. అమ్మ జాబితాకు ఒక పద్ధతి ఉండేది. ఎ వైపు వేగం పాటలు, అవి మిషన్ తొక్కడానికి. బి వైపు నెమ్మది పాటలు, అవి హుక్కులు కుట్టడానికి, అంచులు మడిచి చేతికుట్టు వేయడానికి. పెళ్ళిళ్ళ రోజుల్లో గిరాకీ ఎక్కువైతే ఎ వైపే తిప్పి తిప్పి వేసేది. నడుమ నడుమ నేను టేప్ వెనక్కి తిప్పిపెట్టాలి. ఆ ఇంట్లో నా మొదటి ఉద్యోగం అది.

2013లో నేను రాసిన పత్రంలో ఇదేదీ లేదు. అప్పటికి నాకు పద్ధతి తెలుసు. తొంభై పాటల సాహిత్యం రాసుకున్నాను. స్త్రీని పండుతో పోల్చినవి, మిఠాయితో పోల్చినవి, వాహనంతో పోల్చినవి, 'వద్దు' అనడాన్ని 'సరే'గా చదివినవి, ఇలా విడదీసి పట్టిక వేశాను. ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' వచ్చిన 1993లోనే 'ముఠామేస్త్రి' కూడా వచ్చిందని, కవిత్వంలో స్త్రీలు తమ దేహం గురించి తాము మాట్లాడడం మొదలుపెట్టిన ఏడాదే సినిమా పాట ఆ దేహాన్ని ముక్కలు చేసి అమ్మిందని ముగించాను. ఆ మాట ఇప్పటికీ తప్పనుకోను. పట్టిక కూడా తప్పు కాదు. ఆ పాటల్లో రాసింది అదే.

పత్రం చదివి వినిపిస్తే అమ్మ అంది: "అవన్ని ఎవలింటరు బిడ్డా, దరువు మంచిగుంటది." నేను ఆ మాటను కూడా పత్రంలో చేర్చాను. 'పితృస్వామ్య భావజాలాన్ని తనలో ఇముడ్చుకున్న ఒక గృహిణి శ్రోత' అని రాశాను. పేరు లేకుండా. మా ఇంటి అద్దె, నా కాలేజీ ఫీజు మిషన్ మీద సంపాదించిన మనిషిని గృహిణి అన్నాను. సభలో ఎవరూ ఏమీ అనలేదు. మెచ్చుకున్నారు కూడా.

మనం పాటను ఎప్పుడూ కవితలాగే చదివాం. మాటలు కాగితం మీదికి దించుకుని, వాటి మీద మన పరికరాలన్నీ వాడాం. పాటలో మిగతా సగాన్ని సంగీత విమర్శకులకు వదిలేశాం. వాళ్ళు ఏ రాగమో చెప్పి ఊరుకున్నారు. ఆ రెండింటి మధ్య వినే మనిషి, ఆ మనిషి కాలు, నడుము, చేతిలో పని జారిపోయాయి.

'హలో బ్రదర్' సంగతే తీసుకుందాం. ఇ.వి.వి. సత్యనారాయణ దర్శకత్వం, నాగార్జున ద్విపాత్రాభినయం, రమ్యకృష్ణ, సౌందర్య. కవల పిల్లల్లో ఒకడికి దెబ్బ తగిలితే ఇంకొకడికి నొప్పి. ఒకడి చెయ్యి లేస్తే రెండోవాడి చెయ్యి తనకు తెలియకుండానే లేస్తుంది. కామెడీ అంతా ఆ మీట మీద నడుస్తుంది. చెయ్యి నాదే కానీ కదిలించింది నేను కాదు! మగవాడి బాధ్యతను ఇంత హాయిగా మాఫీ చేసిన కథ ఇంకొకటి గుర్తు రాదు. ఆ చెయ్యి ఎవరి మీద పడిందో వాళ్ళ వైపు నుంచి సినిమా చూడదు. పత్రంలో దీన్ని ఒక పేరాలో తేల్చేశాను.

ఇప్పుడు ఆ పాటలు మళ్ళీ వింటుంటే ఆ కవలల్లో రెండోవాణ్ణి నేనేనేమో అనిపిస్తుంది. ఎల్.బి. నగర్ నుంచి మెట్రో ఎక్కి, చెవుల్లో ఆ పాట పెట్టుకుని, చైతన్యపురి దాటేలోపు నా పాదం తాళం వేయడం మొదలుపెడుతుంది. బుద్ధి ఒప్పుకోని పనిని ఒళ్ళు చేస్తుంది. దీన్ని భావజాలం అని కొట్టేస్తే సులువే. కానీ నా పాదానికి ఆ తాళం నేర్పింది సినిమా హీరో కాదు. పొద్దున్నే కిటికీ పక్కన మిషన్ తొక్కిన ఇంకో పాదం నేర్పింది. యంత్రం దరువు ఒక వేగాన్ని ఇస్తుంది, అంతే. ఆ వేగంలో ఏం చేయాలన్నది వినేవాళ్ళు నిర్ణయించుకుంటారు. అమ్మ దాన్ని తన పనిలోకి తీసుకుంది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో లేడీస్ హాస్టల్లో ఉన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు ఆరుగురం తలుపు గడియ వేసి, బకెట్లు మంచాల కిందికి తోసి, ఈ పాటలకే ఆడాం. మమ్మల్ని ఎవరూ చూడకుండా మేం ఆడిన చోటు అదొక్కటే.

అయితే మాటలు చెడ్డవి, దరువు మంచిది అని పంచుకోవడానికీ లేదు. చెవి పెట్టి వింటే సంగీతమూ అమాయకం కాదు. చరణానికీ చరణానికీ నడుమ మాటలు ఉండని చోట ఏం వినిపిస్తుంది? ఒక ఆడగొంతు నిట్టూర్పు, ఒక నవ్వు, ఒక ఊపిరి. సాహిత్యం రాసుకున్న నా కాగితంలో అక్కడ ఖాళీ జాగా ఉంది. తెర మీద కెమెరా దేహం దగ్గరికి జరిగేది సరిగ్గా అక్కడే. 'బావ బావమరిది' (1993)లో సిల్క్ స్మిత ఆడిన పాటలో ఆమె వైపు చూడమని చెప్పేది మాటలకన్నా ముందు దరువే. అలాంటి పాటలతో ఎందరికో డబ్బు తెచ్చిన స్మిత 1996లో ముప్పైల్లోనే పోయింది. దరువు మాది అని నేను అనబోయిన ప్రతిసారీ ఆమె గుర్తొస్తుంది.

క్యాసెట్ చేసిన మేలు ఇక్కడ అర్థమవుతుంది. అది పాటను తెర నుంచి విడదీసింది. అమ్మ విన్న పాటలో హీరో చెయ్యి లేదు, కెమెరా లేదు. బాలు, చిత్ర గొంతులు, కీబోర్డు, తన మిషన్ చప్పుడు, అంతే. శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో చిత్రలహరి వచ్చేది. ఒకసారి ఎ వైపు మొదటి పాట అందులో వేశారు. అమ్మ పని ఆపి చూసింది. పాట అయ్యాక, "గిట్లనా?" అంది. మర్నాడు ఆ పాట వచ్చినప్పుడు మామూలుగానే తొక్కింది. ఆమె విన్నది, తెర మీద చూసింది రెండూ వేరువేరు పాటలు. నా పత్రంలో ఈ తేడా లేదు.

ఇక పేర్ల సంగతి. క్యాసెట్ లోపలి అట్ట మీద సంగీతం, రచన, గానం ఉంటాయి. గాయకుల పేర్ల చివర 'బృందం' అని ఒక మాట. రాజ్-కోటి పాటల ఉత్సాహంలో పాలు ఆ బృందానిది కూడా. పల్లవిని ఎత్తుకునేది, హీరోకు జేజేలు పలికేది, హీరోయిన్ చుట్టూ చెలికత్తెలయ్యేది ఆ ఆడగొంతులే. ఇద్దరు మగవాళ్ళ పేర్ల మధ్య గీతకు కూడా చోటున్న ఆ అట్ట మీద వాళ్ళకు ఒక్క మాటే దక్కింది. మీటల దగ్గరా అంతే. ఆ రోజుల్లో మా వైపు ఆడపిల్లలకు కీబోర్డు అంటే టైపు ఇన్‌స్టిట్యూట్. సావిత్రి దర్శకత్వం వహించిన 'చిన్నారి పాపలు' (1968)కు పి. లీల సంగీతం చేశారు. 1995లో ఎం.ఎం. శ్రీలేఖ 'తాజ్‌మహల్' చేశారు. వేళ్ళ మీద లెక్కపెట్టే ఉదాహరణలివి. బయటా గొప్పగా ఏమీ లేదు. 1963లో బి.బి.సి. 'డాక్టర్ హూ' సంగీతాన్ని టేపు ముక్కలు కోసి అతికించి, యంత్రాలతో పలికించింది డెలియా డెర్బీషైర్. తెర మీద ఆమె పేరు పడింది 2013లో. అప్పటికి ఆమె చనిపోయి పన్నెండేళ్ళు.

ఆ ఇద్దరే 1990లో 'కర్తవ్యం'కూ సంగీతం చేశారని మరిచిపోతుంటాం. పోలీసు అధికారిగా విజయశాంతికి జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చిన సినిమా. హీరో నడకకు వాడిన హోరే అక్కడ ఒక ఆడమనిషి నడకకు వాడారు. అతకనట్టు ఎక్కడా అనిపించదు. యంత్రానికి లింగభేదం లేదు, దాన్ని ఎవరి వెనక నిలబెడుతున్నామన్నదే ప్రశ్న.

రాజ్ పోయిన వారానికి అమ్మ దగ్గరికి వెళ్ళి, పత్రంలో తన గురించి ఏం రాశానో చెప్పాను. గృహిణి అన్న మాట దగ్గర ఆగింది. "మరి నీ ఫీజులెవలు కట్టిండ్రంట?" అంది. కోపం లేదు, నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత ఆ పాత క్యాసెట్‌లోని పాటలు వరస తప్పకుండా తన ఫోన్‌లో పెట్టమంది. ఎ వైపు, బి వైపు అలాగే ఉండాలి. అట్ట మీద తన చేతిరాత చూసి ఒక్కొక్కటే ఎక్కిస్తుంటే, ఎ వైపు చివరి పాట దగ్గర "అది వద్దు" అంది. ఆ పేరు వేరే చేతిరాతలో ఉంది. జాబితా అయిపోయాక టేప్ మిగిలితే షాపతను తనకు నచ్చింది ఎక్కించాడట.

"దరువు మంచిగనే ఉంటది కదమ్మా."

"ఉంటది. మాటలే మంచిగుండవు. అది వచ్చినప్పుడల్లా మిషన్ ఆపి గుడ్డ కత్తిరిస్తుంటి."

మాటలు ఎవరు వింటారన్న మనిషి ప్రతి మాటా విన్నది. ఏ పాటకు తొక్కాలో, ఏ పాటకు ఆపాలో తేల్చుకుంది. ఇరవై ఏళ్ళకు పైగా ఒక పాటకు ఆమె కాలు కదల్లేదు. నేను తొంభై పాటలకు పట్టిక వేసిన ఇంట్లోనే ఆ విమర్శ జరిగింది, నాకు వినబడలేదు. ఆ పాట తప్ప మిగతావన్నీ ఎక్కించి ఇచ్చాను.