కొక్కెం ఎత్తు

శనివారం తెల్లవారితే మా కోయంబత్తూరు తుడియలూరు కూడలిలో మేట్టుపాళయం రోడ్డు జీపులతో నిండిపోతుంది. నీలగిరికి దారి ఇదే మరి. 2020లో కొత్త థార్ జీపు వచ్చాక ఈ సందడి ఇంకా పెరిగింది. స్ప్రింగులు మార్పించి, పెద్ద చక్రాలు వేయించి, బండిని నాలుగైదు అంగుళాలు పైకి లేపించుకున్న కుర్రవాళ్లు ఎందరో. ఈమధ్య వాటి వెనక చిన్న చిన్న ట్రైలర్లు కూడా కనిపిస్తున్నాయి. కొందరి ట్రైలర్లో గుడారం సామాను, కొందరిదాంట్లో మోటారు సైకిలు. తోటలున్నవాళ్లు అరటి పిలకలు, డ్రిప్పు గొట్టాలు, పంపుసెట్టు, నీళ్ల ట్యాంకు వేసుకుని పోతుంటారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది కానీ, నా కన్ను మొదట పోయేది జీపునీ ట్రైలర్నీ కలిపే కొక్కెం మీదికి. చాలా బళ్లలో అక్కడ ట్రైలర్ ముక్కు పైకి లేచి, వెనక భాగం రోడ్డు మీదికి వాలి ఉంటుంది. అది చూసినప్పుడల్లా నాకు మనసు మనసులో ఉండదు.

మా మేనల్లుడు కూడా జీపును పైకెత్తించాడు. స్ప్రింగులతో నాలుగంగుళాలు లేచింది. 31 అంగుళాల చక్రాలు తీసేసి 33 వేయించడంతో ఇంకో అంగుళం. వాళ్ల తోట తడాగం వైపు ఉంది. తోట సామానుకని ఇక్కడే ఒక వర్క్‌షాపులో ట్రైలర్ చేయించాడు. ఇంటి ముందు ఆపి, "మామా, ఇది కొండనైనా లాగేస్తుంది" అన్నాడు. లాగుతుందనడంలో నాకేం సందేహం లేదు. ఇప్పటి డీజిల్ ఇంజనుకు నాలుగు వందల కేజీలు ఒక లెక్క కాదు. "లాగుతుందిరా, తిన్నగా వస్తుందా? ఆపితే ఆగుతుందా?" అని అడిగాను. వాడు నవ్వాడు. ఆ నవ్వు కోసమే ఈ వారం ఈ లెక్కలన్నీ రాస్తున్నాను.

ఎద్దుబండి తోలిన మన పెద్దవాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. బస్తాలు ఇరుసుకు వెనక ఎక్కువైతే నొగలు పైకి లేస్తాయి, కాడి ఎద్దుల మెడ మీద నిలవదు. ముందు ఎక్కువైతే మెడలు కుంగుతాయి. అందుకే కొంచెం ముందు బరువు ఉండేలా సర్దేవాళ్లు. ఒకే ఇరుసున్న ట్రైలర్‌కూ ఇదే పద్ధతి. మొత్తం బరువులో సుమారు పదో వంతు కొక్కెం మీద పడాలి. నాలుగు వందల కేజీల ట్రైలర్ అయితే నలభై కేజీలన్నమాట. దాన్ని తూచడానికి పెద్ద యంత్రమేం అక్కర్లేదు. తోటలో బస్తాలు తూచే కాటా చాలు. ట్రైలర్‌ను సమంగా నిలబెట్టి, ముక్కు కింద ఒక కర్రదుంగ పెట్టి కాటా మీద ఆనిస్తే అంకె తెలిసిపోతుంది.

ఇప్పుడు జీపు ఐదంగుళాలు లేచింది కదా, కొక్కెమూ దానితోపాటు ఐదంగుళాలు పైకి పోయింది. ట్రైలర్ మాత్రం పాత ఎత్తులోనే ఉంది. ఇరుసు నుంచి కొక్కెం దాకా రెండున్నర మీటర్ల పొడవుంటే ట్రైలర్ సుమారు మూడు డిగ్రీలు వెనక్కి వాలుతుంది. బరువుకు కేంద్రం ఇరుసు కంటే అరవై సెంటీమీటర్లు పైన ఉందనుకుంటే, ఆ వాలుకు అది మూడు సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. ముక్కు మీద తగ్గేది ఐదు కేజీలు. ఇంతేనా అనిపిస్తుంది. మెకానిక్కులు కూడా ఈ మాటే అని కొట్టిపారేస్తారు.

లెక్క అక్కడితో ఆగితే నేనూ ఒప్పుకునేవాణ్ణి. కల్లార్ దాటి ఘాట్ ఎక్కడం మొదలెట్టాక చూడండి. పన్నెండడుగులకు ఒక అడుగు లేచే ఎక్కుడు తగిలిందంటే ఉన్న వాలుకు ఇంకో వాలు కలుస్తుంది, ముక్కు మీద మరో ఎనిమిది కేజీలు పోతాయి. పైన కట్టిన బస్తాల్లో రెండు వందల కేజీల సరుకు ఒక బెత్తెడు వెనక్కి జారితే ఇంకో ఆరు. నలభై ఉన్నది ఇరవై ఒకటికి వచ్చింది. ఇవి చక్కగా సర్దిన బరువుకు కట్టిన లెక్కలు. అసలే ఇరవై కేజీలతో బయల్దేరిన ట్రైలర్‌కు ఏం మిగులుతుందో మీరే వేసుకోండి. సగం నిండిన నీళ్ల ట్యాంకు ఇంకా ప్రమాదం. ఏ ఎక్కుడులో, ఏ మలుపులో ఆ నీళ్లు ఎటు పరుగెడతాయో తోలేవాడి చేతిలో ఉండదు. ట్యాంకు నిండుగానైనా ఉండాలి, ఖాళీగానైనా ఉండాలి.

ముక్కు మీద బరువు తగ్గిన ట్రైలర్ వెంటనే పడిపోదు. ఊళ్లో బుద్ధిగా వస్తుంది. పెరియనాయకన్‌పాళయం దాటి రోడ్డు ఖాళీగా దొరికి, వేగం పెరిగాక మొదలవుతుంది తోక ఊపడం. లారీ పక్కనుంచి పోయిన గాలికి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు. ప్రతి ట్రైలర్‌కూ ఒక వేగం ఉంటుంది. దానికి లోపల ఉన్నంతసేపు ఊపు దానంతటదే చచ్చిపోతుంది. అది దాటితే ప్రతి ఊపూ ముందుదానికన్నా పెద్దదవుతుంది. ముక్కు బరువు తగ్గేకొద్దీ ఆ హద్దు కిందికి దిగుతుంది. పైకెత్తిన జీపుకు ఇంకో లోపం కూడా ఉంది. దాని బరువంతా ఎత్తుకు పోయింది, స్ప్రింగులు పొడవయ్యాయి, టైరు గోడలు పెరిగాయి. పక్కనుంచి తోస్తే ముందులాగా నిలదొక్కుకోలేదు.

తోక ఊపడం మొదలైతే చేయాల్సింది చాలా తక్కువ, చేయకూడనిదే ఎక్కువ. బ్రేకు గట్టిగా తొక్కకూడదు. తొక్కితే జీపు ఆగబోతుంది, ట్రైలర్ ఆగదు, వెనకనుంచి పక్కకు నెట్టేస్తుంది. స్టీరింగు అటూ ఇటూ తిప్పి సరిచేయబోకూడదు. మన చేయి ఎప్పుడూ ఒక ఊపు ఆలస్యంగానే తిరుగుతుంది. వేగం పెంచి లాగేద్దామనుకోవడం అన్నిటికన్నా చెడ్డది. స్టీరింగు తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసేయాలి. ట్రైలర్‌కు విడిగా బ్రేకు ఉండి, దాని మీట తోలేవాడి దగ్గరుంటే అదొక్కటే వేయాలి. అప్పుడు ట్రైలర్ వెనక్కి గుంజుకుని వరసలోకి వస్తుంది. తర్వాత బండి పక్కకు ఆపి బరువు మళ్లీ సర్దుకోవాలి. మళ్లీ సర్దకుండా అదే ప్రయాణం సాగించేవాళ్లను చూశాను. నాకు అర్థం కాని ధైర్యం అది.

ఎత్తు సరిచేయడానికి రెండు దారులు. కొక్కేన్ని దించడం ఒకటి, ట్రైలర్‌ను లేపడం ఇంకొకటి. మెట్టులా కిందికి దిగిన బిగింపు ముక్కతో కొక్కేన్ని ఐదంగుళాలు దించితే ట్రైలర్ నేలకు సమంగా నిలుస్తుంది. ముక్కు రవ్వంత కిందికి ఉన్నా మంచిదే. నా ఓటు దీనికే. కాకపోతే ఆ ముక్క పొడవయ్యేకొద్దీ బోల్టుల మీద మెలి ఎక్కువవుతుంది కాబట్టి అవసరమైనంతకు మించి దించకూడదు. రాళ్ల బాటలో అది నేలకు కొట్టుకుంటుంది కూడా. ట్రైలర్ లేని రోజున విప్పి లోపల పడేయాలి. రెండో దారిలో కమాన్ పట్టీలను ఇరుసు కింద నుంచి ఇరుసు పైకి మార్చి ట్రైలర్‌నే లేపుతారు. అలా చేస్తే దాని బరువు కూడా పైకి పోతుంది, మలుపులో ఒరుగు పెరుగుతుంది. తోట బాట మరీ గుంతలమయమైతే తప్ప నేనైతే ఆ జోలికి పోను.

జీపూ ట్రైలరూ ఒకదానికొకటి సరిపోవాలన్నది జీపు పుట్టిన నాడే తేలిన విషయం. 1940లో మొదటి జీపు తయారుచేసింది అమెరికాలో బాంటమ్ అనే చిన్న కంపెనీ. పెద్ద ఆర్డర్లు విల్లీస్‌కూ ఫోర్డుకూ పోయాయి, బాంటమ్‌కు ట్రైలర్ల పని మిగిలింది. వాళ్లు చేసిన పావు టన్ను ట్రైలర్‌కు జీపుకున్న చక్రాలే, అదే టైరు. ఎత్తు కుదిరింది, స్టెపినీ ఒకటే రెండిటికీ సరిపోయింది. మనం జీపు ఒక్కదాన్ని మార్చి ఆ జతను విడగొడుతున్నాం.

కోయంబత్తూరులో ఏది కావాలన్నా చేసి పెడతారు. కళంగల్‌లో పుట్టిన మన జి.డి. నాయుడు 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి బస్సు నడిపిన నాటినుంచీ ఈ గడ్డ యంత్రాలదే. గణపతిలో, పీళమేడులో, మా తుడియలూరులో లేత్ శబ్దం వినబడని వీధి తక్కువ. ఆ పనితనం మీద నాకు గౌరవం ఉంది కాబట్టే ఒక మాట గట్టిగా చెబుతాను. కొక్కేన్ని బంపరుకు వెల్డింగ్ చేసి ఇవ్వకండి, ఎవరైనా అడిగినా ఒప్పుకోకండి. అది చాసిస్‌కు బోల్టులతో బిగించాల్సిన సామాను. దానితోపాటు రెండు గొలుసులు కావాలి. ఆ గొలుసులను ముక్కు కింద ఒకదానికొకటి అడ్డంగా దాటించి తగిలించాలి. కొక్కేన్ని పట్టుకునే కప్లర్ ఊడిన రోజున ట్రైలర్ ముక్కు రోడ్డులో గుచ్చుకోకుండా ఆ గొలుసుల మీద వాలుతుంది. ముక్కు బరువు మంచిదన్నాను కదా అని అతిగా మోపడమూ తప్పే. కొక్కెం వెనక ఇరుసుకు మీటరు దూరంలో ఉంటే, దాని మీద వంద కేజీలు పెట్టినప్పుడు థార్ ముందు చక్రాల మీదనుంచి నలభై కేజీలు లేచిపోతాయి. స్టీరింగు తేలికవుతుంది, హెడ్‌లైటు ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది.

ఇక దిగడం. కూనూరు ఘాట్‌లో పద్నాలుగు హెయిర్‌పిన్ మలుపులు. మా వాడి జీపుకు పెద్ద చక్రం వేశాక, అదే గేరులో ఇంజను పట్టు సుమారు ఆరు శాతం తగ్గింది, బ్రేకు పట్టూ అంతే తగ్గింది. స్పీడోమీటరు కూడా ఆ మేరకు తక్కువ చూపిస్తుంది. పైగా వెనకనుంచి నాలుగు వందల కేజీలు నెడుతుంటాయి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా, లో రేంజ్ వేసి దిగుదామని కుర్రవాళ్లు అంటారు. పొడి తారురోడ్డు మీద, అందులోనూ ఆ మలుపుల్లో, ఈ రకం జీపుకు అది పనికిరాదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి. రెండు ఇరుసులనూ ఒకే వేగానికి కట్టేస్తే గేర్లు బిగుసుకుంటాయి, బండి తిరగనంటుంది. టూ వీల్ డ్రైవ్‌లోనే, మలుపుకు చాలా ముందే రెండో గేరుకో మొదటి గేరుకో దిగిపోవాలి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే కాగిపోయి పట్టు వదిలేస్తుంది. కాస్త గట్టిగా తొక్కి వేగం తగ్గించి, మళ్లీ పూర్తిగా వదిలేయాలి.

ఈ కొండకే వెళ్లే రైలును చూడండి. 1899లో మేట్టుపాళయం నుంచి కూనూరుకు మొదలైన ఆ రైలులో ఇంజను ఎప్పుడూ దిగువ వైపే ఉంటుంది. ఎక్కేటప్పుడు పెట్టెలను వెనకనుంచి నెడుతుంది, దిగేటప్పుడు వాటికి అడ్డంగా నిలుస్తుంది. అది చాలదని ప్రతి పెట్టెకూ ఒక బ్రేకు మనిషి ఉంటాడు. డ్రైవరు ఈల వేస్తే ఎవరి పెట్టె బ్రేకు వాళ్లు వేస్తారు. పెట్టె బరువును పెట్టే ఆపుకోవాలని ఆ రైలు కట్టినవాళ్లు నిర్ణయించారు. మన ట్రైలర్లు చాలావాటికి బ్రేకే లేదు.

తడాగం వైపు పోయేవాళ్లకు ఇంకో సంగతి. మాంగరై, ఆనైకట్టి రోడ్డులో పొద్దు వాలాక ఏనుగులు దాటుతుంటాయి. ఒంటి జీపైతే వెనక్కి తీసుకుని పోవచ్చు. పొట్టి ట్రైలర్ తగిలించి రివర్సు చేయడం వేరే విద్య. స్టీరింగు అడుగు భాగాన్ని పట్టుకుంటే చేయి ఎటు కదిపితే ట్రైలర్ అటు పోతుంది. పొట్టిది కాబట్టి రెప్పపాటులో అడ్డం తిరుగుతుంది. ఏనుగు ఎదుట నేర్చుకునే పని కాదది. ఖాళీ మైదానంలో ముందే చేయి తిరగాలి. చీకటి పడ్డాక ఆ దారిలో ట్రైలర్ వద్దే వద్దు.

చట్టం సంగతి క్లుప్తంగా. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్‌కు విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, లాగే బండి నంబరు ట్రైలర్ వెనక కనబడాలి. కంపెనీ ఇచ్చిన రూపురేఖలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జీపును పైకెత్తించేవాళ్లు అది తెలుసుకునే చేయించుకోవాలి. తోట పనికి మామూలు ఎత్తు చాలన్నది నా అభిప్రాయం.

మా మేనల్లుడి కొక్కెం ఐదంగుళాలు దించాం, కాటా మీద ముక్కు తూచాం, నలభై రెండు కేజీలు వచ్చింది. బ్రేకులున్న ఇరుసుకు ఆర్డరిచ్చాడు, అది వచ్చేదాకా ట్రైలర్ ఘాట్ ఎక్కదని మాటిచ్చాడు. కొత్తగా ట్రైలర్ చేయించుకునేవాళ్లకు నా మనవి ఇదే: రంగుకూ దీపాలకూ పెట్టే డబ్బులో కొంత తగ్గించైనా సరే, బ్రేకులతోనే చేయించండి.