తొప్పి నాదం గోడ దాటకుండా

మృదంగం సాధన జరిగే ఇంట్లో పక్కగదివాళ్లను ఇబ్బంది పెట్టేది ఎక్కువగా దాని ఎడమవైపు, అంటే తొప్పే. కుడివైపు పలికే నం, చాపు గోడలో చాలావరకు ఆగిపోతాయి. ఎడమ మూతకు తడిపిన రవ్వ అద్ది తెప్పించే మంద్రం మాత్రం నాలుగున్నర అంగుళాల ఇటుక గోడను సులువుగా దాటేస్తుంది. ఇంట్లో సంగీతానికో రికార్డింగుకో గది సిద్ధం చేసుకునేవాళ్లు ముందుగా ఆలోచించాల్సింది ఈ మంద్రం గురించే.

ఈ శ్రమ ఎందుకంటే, నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దానికి పరిమితి 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు చెబుతున్నాయి. సాధనకు మేలైన వేళ అని గురువులు చెప్పే తెల్లవారుజాము ఆ గంటల్లోనే ఉంది. అపార్ట్‌మెంట్‌లో పెరిగే పిల్లలకు ఆ వేళ దక్కాలంటే గోడను బాగుచేసుకోక తప్పదు.

చాలామంది మొదట కొనేది ఫోమ్ షీట్లు. కొందరు కోడిగుడ్ల అట్టలు అంటిస్తారు. వాటి పని వేరు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్త ఉపన్యాసశాల ఒకటి మారుమోగి, మాట్లాడేది ఎవరికీ అర్థమయ్యేది కాదు. వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడు దగ్గర్లోని శాండర్స్ థియేటర్ సీటు దిండ్లు తెప్పించి, రాత్రిళ్లు వాటిని హాల్లో పరిచి, మారుమోత ఎంత తగ్గుతోందో గడియారం పట్టి కొలిచాడు. ఆ దిండ్లు గది లోపలి మోతను తగ్గించాయి. అవతలి గదికి వెళ్లే శబ్దాన్ని ఆపడం మాత్రం దిండు వల్లా కాదు, ఫోమ్ వల్లా కాదు. రికార్డింగ్ శుభ్రంగా రావాలంటే అవీ కావాలి, అయితే గోడ పని పూర్తయ్యాకే.

గోడ శబ్దాన్ని ఆపేది బరువుతో. బరువు రెట్టింపు చేస్తే తగ్గేది 5, 6 డెసిబెల్స్ మాత్రమే. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తున్న గోడకు ఆనించి అలాంటిదే ఇంకొకటి కడితే శ్లాబు మీద రెండు టన్నుల భారం పడుతుంది. ఇంజినీరును అడగకుండా చేయకూడని పని, చేసినా లాభం అంతంతే.

స్టూడియోలు కట్టేవాళ్లు ఈ చిక్కు విప్పిన తీరు నాకు చాలా ఇష్టం. బరువు పెంచుకుంటూ పోకుండా గోడను రెండు పొరలు చేసి మధ్యలో గాలిని ఉంచారు. ఒక పొర కంపిస్తే రెండోదానికి అది అందకూడదు. గది లోపల గది కట్టే పద్ధతికి మూలం ఇదే. ఇంట్లో నాలుగు గోడలకూ కుదరకపోవచ్చు, పడకగదిని ఆనుకున్న గోడకైతే కుదురుతుంది.

ఉన్న గోడకు అంగుళం ఎడంగా, ఎక్కడా తగలకుండా, మూడంగుళాల జీఐ ఛానెళ్లతో చట్రం నిలబెట్టాలి. నేలకూ శ్లాబుకూ బిగించే చోట రబ్బరు పట్టీ వేయాలి. చట్రంలో రాక్‌వూల్‌ను కుక్కకుండా నింపి, గది వైపు 12.5 మిల్లీమీటర్ల జిప్సమ్ బోర్డు రెండు వరసలు బిగించాలి. మొదటి వరస అతుకు మీద రెండోదాని అతుకు పడకూడదు. బోర్డుల బరువంతా కలిపినా రెండు వందల కిలోలు దాటదు. గది అయిదంగుళాలు చిన్నదవుతుంది.

ఈ ఎడం విషయంలో పొదుపు చూడకండి. ఒకే బోర్డును అర అంగుళం ఎడంతో బిగిస్తే మధ్యనున్న గాలి స్ప్రింగులా పనిచేసి, సుమారు 180 హెర్ట్జ్ దగ్గర బోర్డు ఊగుతుంది. ఆ స్థాయిలో గోడ మునుపటికన్నా ఎక్కువ శబ్దాన్ని పంపిస్తుంది. చట్రం మందంతో కలిపి నాలుగంగుళాల ఎడం, రెండు బోర్డులైతే ఆ ఊపు 50 హెర్ట్జ్ లోపుకు, తొప్పి శ్రుతికి కిందికి దిగుతుంది. ఇంత చేశాక, చట్రం కదులుతోందని మేస్త్రీ పాత గోడకు ఒక్క ఇనుప క్లాంపు కొట్టినా కంపనం దాని మీదుగా నడిచిపోతుంది. పని జరిగే రోజు దగ్గరుండాలి.

ఇక సందులు. గోడలో నూరో వంతు తెరిచి ఉంటే, తక్కిన గోడ ఎంత గట్టిదైనా 20 డెసిబెల్స్‌కు మించి ఆగదు. రెండు గదుల స్విచ్ బోర్డులు ఒకే చోట వీపు వీపు ఆనుకుని ఉంటే అక్కడ ఇటుకే ఉండదు. ఆ డబ్బాల చుట్టూ, బోర్డుల అంచుల చుట్టూ గట్టిపడని సీలెంట్ పట్టించాలి. పాత ఇళ్లలో గదిగదికీ గడప ఉండేది, తలుపు దానికి ఆనుకుని మూసుకునేది. ఇప్పుడు లోపలి గదులకు గడప మానేశారు, తలుపు కింద వేలు దూరేంత సందు ఉంటోంది. సంగీతపు గదికి గడప మళ్లీ పెట్టించాలి, దానికీ ద్వారబంధానికీ రబ్బరు పట్టీ వేసి, బోలుగా లేని బరువైన తలుపు బిగించాలి. నా దృష్టిలో ఫోమ్ మీద పెట్టే డబ్బు ముందు ఇక్కడ పెట్టాలి.

మొదటి వరస బోర్డులు పడ్డాక ఒకరిని గదిలో వాయించమని, అవతలి గదిలో గోడ అంచుల వెంట చెవి పెట్టి వినండి. కారే చోటు దొరికితే రెండో వరస పడకముందే మూసేయవచ్చు.

ఇంత బిగించిన గదికి గాలి దారి వేరే ఉండాలి. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది, కొత్త గాలి తేదు. లోపల రాక్‌వూల్ పరిచి, రెండు మూడు మలుపులు తిప్పిన డక్టు చివర చప్పుడు లేని ఫ్యాను పెడితే గాలి వస్తుంది, శబ్దం ఆ మలుపుల్లోనే చాలావరకు అణిగిపోతుంది.