తడబడే డిటెక్టివ్

హాస్య డిటెక్టివ్ కథలో నాయిక కాలు జారడం మామూలే. పడి, దులుపుకుని లేచి వెళ్లిపోతే అది ఉత్త ప్రహసనం. పడ్డచోట మంచం కింద ఎవరిదో చెప్పు కనబడితే కథ కదులుతుంది. పాఠకుడు మాత్రం నవ్వులో పడి ఆ చెప్పును చూసీ చూడనట్టు వదిలేస్తాడు. ఆనవాలు దాచడానికి నవ్వంత మంచి చాటు మరొకటి దొరకదు.

ఈ కోవలో బాగా పేరుపడ్డ నాయిక స్టెఫనీ ప్లమ్. అమెరికన్ రచయిత్రి జానెట్ ఎవనోవిచ్ 1994లో ‘వన్ ఫర్ ది మనీ’ నవలతో ఆమెను పరిచయం చేసింది. నిజానికి స్టెఫనీ ప్రైవేట్ డిటెక్టివ్ కాదు. బెయిల్ మీద బయటికొచ్చి పరారైనవాళ్లను పట్టి తెచ్చే మనిషి. ఊరు న్యూజెర్సీలోని ట్రెంటన్. ఉద్యోగం ఊడి, చేతిలో పైసా లేక బంధువు విన్నీ దగ్గర ఈ పనికి కుదురుతుంది. తెగువ వెనక ఆ అవసరం లేకపోతే అది వట్టి తలతిక్కగా కనిపించేది. మొదటి వేటే జో మోరెల్లి, హత్యకేసులో ఇరుక్కున్న పోలీసు. పాత కోపంతో ఒకప్పుడు అతణ్ని కారుతో గుద్ది కాలు విరగ్గొట్టిన చరిత్ర ఆమెది. తుపాకీని బిస్కెట్ల జాడీలో పెడుతుంది. కథ చెప్పేదీ ఆమే కనుక మనకన్నా ముందే తనను తాను వెక్కిరించుకుంటుంది. అందుకే ఆ నవ్వులో చులకన ఉండదు.

తెలుగు తెర మీద ఈ తడబాటు ఎక్కువగా మగవాళ్ల సొత్తు: 1986లో ‘చంటబ్బాయ్’, 2019లో ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’. హైదరాబాద్ పాతబస్తీకి ఒక అమ్మాయి దక్కింది గానీ హిందీలో. 2014 నాటి ‘బాబీ జాసూస్’లో విద్యాబాలన్ మొఘల్‌పురా వీధుల్లో మారువేషాలు వేసుకు తిరుగుతుంది. వేషాలు సరదాగానే ఉంటాయి, కొన్ని మరీ ఎక్కువయ్యాయి కూడా. కథకు బిగువు వచ్చేది మాత్రం, అడిగినంత డబ్బిచ్చే తన క్లయింటునే ఆమె అనుమానించడం మొదలుపెట్టినప్పుడు.

నాయిక ఎన్నిసార్లు పడినా ఫరవాలేదు, ముడి ఆమే విప్పాలి. ఆఖర్లో ఎవరో మగవాడు తలుపు బద్దలుకొట్టి వచ్చి కాపాడితే అంతదాకా నవ్విన నవ్వంతా ఆమె మీదికి ఎగతాళిగా మారుతుంది. ఎవనోవిచ్‌కు ఇది తెలుసు. (చదవనివారు మన్నించాలి.) తొలి నవల చివర అసలు దోషి ఎదుట స్టెఫనీ ఒంటరిగానే నిలబడుతుంది. ఈసారి తుపాకీ జాడీలో లేదు, హ్యాండ్‌బ్యాగులో ఉంది. బయటికి తీయకుండా బ్యాగులోంచే పేల్చేస్తుంది.