ఫోకస్ ఆపిన చోట

1863 డిసెంబరులో కూతురూ అల్లుడూ కెమెరా కానుకగా ఇచ్చేనాటికి జూలియా మార్గరెట్ కామెరాన్‌కు 48 ఏళ్లు. కలకత్తాలో పుట్టిన ఆమె అప్పటికి ఇంగ్లండ్ దక్షిణాన వైట్ దీవిలోని ఫ్రెష్‌వాటర్‌లో ఉంటున్నారు. బొగ్గుల కొట్టు డార్క్‌రూమ్ అయింది. అద్దాలు బిగించిన కోళ్ల షెడ్డు స్టూడియో అయింది. నెల తిరిగేసరికి, 1864 జనవరిలో, ఆనీ అనే పిల్ల ముఖం ఆమె గాజు పలక మీద తేలింది. అదే తన మొదటి విజయమని ఆమె చెప్పుకున్నారు.

అప్పటి పద్ధతి తడి కొలోడియన్. గాజు పలక మీద కొలోడియన్ పోసి, నాలుగు మూలలకూ పారించి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి కడగాలి. ఆ పూతకు వెలుతురు పట్టే శక్తి తక్కువ. పైగా ఆమె కిటికీలకు తెరలు దించి, ఒక పక్క నుంచి మాత్రమే వెలుగు రానిచ్చేవారు. దాంతో ఎక్స్‌పోజర్ నిమిషాల తరబడి సాగేది. అంతసేపు కూర్చున్న మనిషి ఊపిరి, కనురెప్పల కదలిక అన్నీ పలకలోకి చేరేవి. ఆమె ఫొటోల్లోని మెత్తదనానికి ఒక మూలం అది.

రెండోది లెన్స్. పెద్ద పలక, బాగా దగ్గరగా ముఖం, వెడల్పుగా తెరిచిన లెన్స్: ఈ మూడూ కలిస్తే ఫోకస్ పొర చాలా పలచగా ఉంటుంది. కన్ను తేటగా ఉంటే చెవి కరిగిపోతుంది. ఫోకస్ తిప్పుతూ తన కంటికి అందంగా తోచిన చోటే ఆగిపోయేదాన్నని, ఇంకా పదును కోసం తిప్పలేదని ఆమె తన జ్ఞాపకాల్లో చెప్పారు. నాకు ఆమె పనిలో అన్నిటికన్నా విలువైనది ఆ ఆగడమే. ఫొటోగ్రఫీ పత్రికలు దాన్ని చేతకానితనం అన్నాయి. పలక మీది గీతలనూ వేలిముద్రలనూ ఎత్తిచూపాయి. గీతల మాట నిజమే. కానీ ఎక్కడ ఆగాలో తెలియని చేయి అలాంటి ముఖాలను ఇన్నిసార్లు తీయలేదు.

1867లో తీసిన ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ చిత్రం చూడండి. నల్లటి వెనకతెర, నల్లటి బట్ట, చెదిరిన తెల్లజుట్టు చివర్లలో వెలుగు. బుగ్గల ముడతలు నీడలోకి జారుతుంటే కళ్లు మాత్రం నిలిచి ఉంటాయి. ఆయన హోదా చెప్పే బల్లా పుస్తకాలూ ఏవీ లేవు. తన ఇంటి పనిమనిషి మేరీ హిల్లియర్‌ను మేరీమాతగా తీసినప్పుడూ కామెరాన్ ఇంతే శ్రద్ధ పెట్టారు. పదునైన ఫొటో బట్ట నేతను, బొత్తాలను, ముఖాన్ని ఒకేలా లెక్కపెడుతుంది. ఇక్కడ చూపు ఎక్కడ ఆగాలో ఫొటో తీసినవారే తేల్చారు.

ఫొటోను చిత్రకళలా తీర్చిదిద్దాలనుకున్న తర్వాతి తరం పిక్టోరియలిస్టులు ఇదే మెత్తదనాన్ని వేరే దారుల్లో వెతికారు. ఫ్రాన్స్‌లో రాబర్ట్ డెమాషీ గమ్ బైక్రోమేట్ ప్రింట్ల మీద బ్రష్షుతో రంగు తొలగించేవారు. అందంగానే ఉంటాయి గానీ, అక్కడ మసక ప్రింటులో చేరింది. కామెరాన్‌ది మాత్రం మనిషి ఎదుట కూర్చున్న ఆ నిమిషాల్లోనే పుట్టింది. ఆమె 1879లో సిలోన్‌లో పోయారు. 1913లో న్యూయార్క్‌లో ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ తన పత్రిక ‘కెమెరా వర్క్’లో ఆమె చిత్రాలు అచ్చువేశారు.