కొవ్వెరుగని రుచి: జపానీయుల పాకకళ

ఆరోగ్యము కొరకు తినునది నాలుకకు చప్పగా నుండక తప్పదని నమ్మువారు జపానీయుల పాకకళను ఎరుగనివారు. నూనెను, వెన్నను, మాంసపుకొవ్వును ఆశ్రయింపక, వట్టి నీటిలోనికి సముద్రసారమును దింపి వంటకమునకు ప్రాణము పోయగలిగిన ఆ వంటవారి నేర్పును ఎంత కొనియాడినను తనివి తీరదు. ఆ జాతి హృదయములను చిరకాలము కాపాడినవానిలో ఈ నేర్పే అగ్రగణ్యమని నా నిశ్చితాభిప్రాయము.

ఆ సంప్రదాయ భోజనమునకు ‘ఇచిజూ సన్సాయ్’ అని పేరు: అన్నము, ఒక చారు, మూడు వంటకములు, కొంచెము ఊరగాయ. చేప, సోయా, నాచు, కూరగాయలు ఇందు ముఖ్యములు. 675లో తెన్ము చక్రవర్తి గోమాంసాదులను నిషేధించెనట. బౌద్ధమఠములలో శాకపాకము వికసించెనట. చరిత్ర మాట అటుండనిండు. ఈ భోజనమునకెల్ల ఆయువుపట్టు ‘దాషి’ యను సారజలము.

దాషికి కావలసినవి రెండే: హొక్కైడో తీరమున పెరుగు కొంబు అను నాచు, కత్సువొబుషి యను ఎండుచేప. ఎండుచేప యని చులకన చేయరాదు. మకురజకి పట్టణపు పనివారు చేపను కోసి, ఉడికించి, ముండ్లు ఏరి, కట్టెల పొగలో పలుమారులు ఆరనిచ్చి, పైభాగమును చెక్కి, మేలైన బూజు పట్టించి, ఎండబెట్టి, మరల బూజు పట్టించి, నెలల తరబడి ఓపికతో సాధించిన ముక్కలు కొయ్యవలె గట్టిపడి, ఒకదానితో నొకటి తాకించినచో ఖంగున మ్రోగును. వానిని బోర్లించిన చిత్రిక గల పెట్టెమీద పలుచగ తురుముదురు. క్యోటోలోని కికునొయి భోజనశాలాధిపతి మురత యొషిహిరొ కొంబును 60 డిగ్రీల నీట గంటసేపు ఉంచి తీసివేసి, ఆ నీటిని 85 డిగ్రీలకు చేర్చి, అప్పుడు తురుమును వేయును. కొంబు ఉన్నంతసేపు నీరు తెర్లరాదు; వడకట్టునపుడు తురుమును పిండరాదు. 1908లో ఇకెద కికునయె అను రసాయనశాస్త్రజ్ఞుడు కొంబునందలి గ్లుటమేటును గుర్తించి, ఆ రుచికి ‘ఉమామి’ యని పేరిడెను. చేపలోని ఇనోసినేటు తోడైనచో ఆ రుచి పలురెట్లు హెచ్చును. వెన్న లేని లోటు నాలుకకు తెలియకుండుటకు కారణమిదియే.

కత్తి పనియు నట్టిదే. ముల్లంగిని చేత త్రిప్పుచు, కత్తి ఎత్తక, తెగని పలుచని పొరగ ఒలుచుట అభ్యాసకునికి తొలి పరీక్ష. టోక్యోలోని సుషి వంటవాడగు ఒనొ జిరొ శిష్యులు ఆక్టోపసును మెత్తబరచుటకై 40, 50 నిమిషములు చేతులతో మర్దించెదరు!

ఇక హృదయము మాట. 1958లో ఆరంభమైన ‘సప్తదేశ పరిశోధన’లో క్యూషూ ప్రాంతపు తనుషిమరు కర్షకులకును, ఉషిబుక జాలరులకును కొలెస్ట్రాలు తక్కువ, గుండెపోటు మరణములును అత్యల్పములు. వంశబలమే కారణమందురా? హవాయికిని, కాలిఫోర్నియాకును వలసపోయిన జపానీయులలో కొలెస్ట్రాలును, హృద్రోగమును పెరిగినట్లు తరువాతి పరిశోధనలు తేల్చెను. సంతృప్తపు కొవ్వు తగ్గినచో కాలేయము రక్తమునుండి చెడు కొలెస్ట్రాలును ఎక్కువగ గ్రహించును. చేపనూనె ట్రైగ్లిసరైడులను తగ్గించును.

ఉప్పు దోషమున్నదని ఆక్షేపింతురు. నిజమే, మిసో, ఊరగాయలు మిక్కిలి తిన్న అకిత ప్రాంతమున పక్షవాతము విజృంభించెను. కాని ఆ దోషము కళది గాదు, మోతాదుది. చక్కని దాషి ఉన్నచోట ఉప్పు తగ్గించినను రుచి చెడదు.

నా మనసును మండించునది వేరొకటి. నెలల తపస్సును అపహసించుచు ఉప్పు, చక్కెర కలిపిన పొడిని వేడినీట కలిపి దాషి యనుట ఏమి దాషి? మయొనెజు పూసి, నూనెలో వేయించిన సుషి చుట్టలను జపాను భోజనమని అమ్ముట ఎంతటి ద్రోహము! ఫలమును ఒకినావా చూపినది: దీర్ఘాయువునకు పేరుగన్న ఆ ద్వీపపు పురుషులు, పరదేశపు కొవ్వుతిండి అలవాటుపడిన పిమ్మట, 2000 నాటి లెక్కలలో ఆయుర్దాయమున దేశములో 26వ స్థానమునకు దిగజారిరి. 2013లో యునెస్కో ఈ భోజనసంప్రదాయమును మానవజాతి వారసత్వముగ గుర్తించెను. పట్టిక కెక్కిన మాత్రమున కళ బ్రతుకదు.

కొలెస్ట్రాలును తగ్గించు స్టాటిన్ ఔషధములకు మూలమును 1973లో బూజునుండి కనుగొన్న ఎందొ అకిరయు జపానీయుడే. మందు కావలసినవారు మందు మానవలదు. కాని పాఠకులారా, జపాను భోజనమును మెచ్చుకొనదలచినచో పొడి పొట్లమును పక్కకు నెట్టి, ఒక్కమారైనను కొంబు, కత్సువొబుషి తెచ్చి దాషి కాచుకొనుడు. కొవ్వు లేక రుచి లేదను మాట అబద్ధమని మీ నాలుకయే తీర్పు చెప్పును.