తప్పు అతుకుదేనా?

పాఠ్యపుస్తకాల బొమ్మలలో కాంతి గాజుపోగు గోడలకు తగిలి బంతివలె గెంతుతూ పోతుంది. విద్యార్థికి ముచ్చటగానే ఉంటుంది గాని, చోడవరంలో విద్యుత్ స్తంభాలమీద సాగే ఫైబర్ లైనుకు అతుకువేసే పనివానికి అది చాలదు. దూరపు లైన్లలో కాంతి నడిచే నడిమిభాగం వెడల్పు సుమారు 9 మైక్రాన్లే. అతుకులో ఒక్క మైక్రాను పక్కకు జరిగినా దాదాపు 0.2 డెసిబెల్, అనగా నూటికి నాలుగైదు పాళ్ల కాంతి పోతుంది. దుమ్ము, వంకరకోత సంగతి చెప్పనక్కరలేదు.

అయితే నష్టం కనబడగానే అతుకు కోసివేయడం తొందరపాటు. ఓటీడీఆర్ యంత్రం చూచేది వెనుకకు చెదరివచ్చే కాంతిని. నడిమిభాగాల కొలతలలో తేడాగల పోగులు కలిసినచోట అది ఒక కొననుండి 0.30 నష్టమనీ, రెండవ కొననుండి 0.20 లాభమనీ చూపవచ్చు. అతుకులో కాంతి పుడుతుందా? రెండింటి సగటు తీయండి: నష్టం 0.05 మాత్రమే. ఆ అతుకు మంచిదే.